అమెరికాలో చిన్న కాలేజీ ఊరి చరిత్ర వెతకడం ఎలా: ఒక్క స్థలంతో మొదలుపెట్టే పద్ధతి

చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికాలో ఏదో చిన్న కాలేజీ ఊరికి వచ్చినవాళ్లు తరచూ అడుగుతున్నారు: “మేముంటున్న ఊరి పాత సంగతులు తెలుసుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తూ వచ్చాను. ఇప్పుడు పద్ధతి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట. కాలేజీ తన కాగితాలను పెట్టెల్లో సర్ది, జాబితా రాసి, వాటికో మనిషిని పెట్టి దాచుకుంటుంది. ఊరికి ఆ స్తోమత ఉండదు. సులువుగా దొరికినవి చదువుకుంటూ పోతే చివరికి మీ చేతిలో మిగిలేది కాలేజీ చరిత్రే. ఊరి చరిత్ర కావాలంటే కాలేజీ గేటు బయటి కాగితాలతో మొదలుపెట్టి, కాలేజీ దగ్గరికి ఆఖర్న వెళ్లాలి. కింది వరుస అలా పెట్టింది అందుకే. దాన్ని తారుమారు చేయకండి.

## 1. ఊరంతా కాదు, ఒక్క స్థలం పట్టుకోండి

“మా ఊరి చరిత్ర రాస్తాను” అని కూర్చున్నవాళ్లు రెండు నెలల్లో వదిలేయడం చాలాసార్లు చూశాను. ఒక్క ఇంటి స్థలం, ఒక్క దుకాణం, ఒక్క మూల పట్టుకున్నవాళ్లు చివరిదాకా వెళ్లారు. ఆ ఒక్క స్థలం వెంట నడిస్తే ఊరు తనంతట తానే బయటపడుతుంది.

ఇప్పుడు అక్కడ లేనిదాన్ని ఎంచుకోండి. నేను పట్టుకున్నది లైబ్రరీ వెనక ఇరవై కార్లు పట్టే పార్కింగ్ స్థలం. దాని అంచున, గడ్డిలో, ఎటూ పోని మూడు రాతి మెట్లున్నాయి. మెట్లున్నాయంటే ఒకప్పుడు గుమ్మం ఉండేది. గుమ్మం ఉందంటే ఇల్లు ఉండేది. ఆ ఇల్లు ఎవరిదన్నదే నా ప్రశ్న. దాన్ని ఉదాహరణగా కింద అక్కడక్కడా వాడతాను.

స్థలం ఎంచుకున్నాక మీ ఊరు ఏ రకమో తేల్చుకోండి. కాగితాలు ఎక్కడుంటాయన్నది దీన్నిబట్టే ఉంటుంది.

- ఊరూ కాలేజీ కలిసి పుట్టినవి. ఒహాయోలోని ఓబర్లిన్ ఇలాంటిది. 1833లో రెంటినీ కలిపే స్థాపించారు. ఇక్కడ తొలి భూమి కాగితాల్లో ఊరినీ కాలేజీనీ విడదీయలేరు.
- ఉన్న ఊరికి కాలేజీ వచ్చినవి. అయోవాలోని గ్రినెల్ ఊరికి డావెన్‌పోర్ట్ నుంచి కాలేజీ 1858లో తరలివచ్చింది. ఇక్కడ కాలేజీకి ముందరి కాగితాలు వేరుగా దొరుకుతాయి.
- కాలేజీ చుట్టూ ఊరు పెరిగినవి. పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్‌లో విద్యాసంస్థ 1855 నాటిది. ఊరికి సొంత పురపాలన వచ్చింది 1896లో. ఆ మధ్య 41 ఏళ్ల కాగితాలను ఊరి పేరుతో వెతికితే దొరకవు. టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం) పేరుతో, కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుతో వెతకాలి.

## 2. బయలుదేరే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- ఒక్క నోటుపుస్తకం. రెండు వద్దు, ఎందులో రాశామో వెతుక్కోవలసి వస్తుంది.
- పెన్సిళ్లు. ఆర్కైవ్స్ (పాత కాగితాలు దాచే చోటు) గదుల్లో సాధారణంగా పెన్ను రానివ్వరు.
- ఫోను కెమెరా. ఫ్లాష్ ముందే ఆపేయండి.
- స్థలం నేటి చిరునామా, దాని పార్సెల్ నంబరు (పన్ను లెక్కల్లో ఆ స్థలానికిచ్చిన నంబరు). కౌంటీ అసెసర్ (ఆస్తి పన్ను విలువ కట్టే అధికారి) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- ఆస్తి దస్తావేజులు ఏ ఆఫీసులో ఉంటాయో. ఎక్కువ రాష్ట్రాల్లో కౌంటీ రికార్డర్ లేదా రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర. కనెక్టికట్, వెర్మాంట్, రోడ్ ఐలండ్‌లలో టౌన్ క్లర్క్ దగ్గర.
- ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు. చందా కట్టవలసిన పాత పత్రికల, వంశవృక్షాల సైట్లు చాలాచోట్ల ఈ కార్డుతో ఉచితం.
- హిస్టారికల్ సొసైటీ (ఊరి పాత కాగితాలు, వస్తువులు దాచే సంఘం) పనివేళలు. చిన్న ఊళ్లలో వారానికి ఒక పూటే తెరవవచ్చు, నడిపేది స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవాళ్లు. ముందుగా ఫోన్ చేసి, మీకు కావలసిన స్థలం పేరు చెప్పి పెట్టండి. మీరు వెళ్లేసరికి వాళ్లు ఫైలు తీసి ఉంచుతారు.

అసెసర్ వెబ్‌సైట్‌లో “కట్టిన సంవత్సరం” అని ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని రాసుకోండి, నమ్మకండి. పాత ఇళ్ల విషయంలో అది చాలాసార్లు పన్ను కోసం ఉజ్జాయింపుగా వేసిన అంకె. ఒకే వీధిలో పది ఇళ్లకూ 1900 అని కనబడితే అది కట్టిన ఏడాది కాదని అర్థం.

## 3. ముందు నడవండి

కాగితం ముట్టుకోకముందు రెండుసార్లు ఆ చుట్టుపక్కల నడవండి. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు. ఏటవాలు వెలుగులో గోడమీద చెరిగిపోయిన దుకాణం పేర్లు, మూసేసిన కిటికీల అంచులు కనిపిస్తాయి.

చూడవలసినవి:

- కాలిబాట సిమెంటులో కాంట్రాక్టరు ముద్ర, ఏడాది
- ఎటూ పోని మెట్లు, వాడకంలో లేని డ్రైవ్‌వే వంపులు
- రోడ్డు ఉన్నట్టుండి వంకర తిరిగే చోట్లు (అక్కడ ఒకప్పుడు రైలు పట్టానో వాగో ఉండి ఉంటుంది)
- వీధి పేర్లు, ముఖ్యంగా మనుషుల పేర్లు

శ్మశానం కూడా చూడండి. రాయిమీద అక్షరాలు కనబడకపోతే అద్దంతో వెలుగును పక్కనుంచి పడేలా చేయండి. షేవింగ్ క్రీమ్, బ్లీచ్, వైర్ బ్రష్ ముట్టుకోకండి, రాయి పాడవుతుంది.

## 4. మ్యాపులను పక్కపక్కన పెట్టండి

అమెరికా చిన్న ఊళ్ల విషయంలో అన్నిటికంటే విలువైనది శాన్‌బోర్న్ మ్యాపు. ఈ కంపెనీ 1867లో మొదలైంది. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఊరూరా తిరిగి, అంగుళానికి 50 అడుగుల లెక్కన ఒక్కో భవనాన్నీ గీసింది. సుమారు 12,000 ఊళ్ల మ్యాపులున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో చాలావరకు ఉచితంగా చూడవచ్చు.

చదివే తీరు ఇది. పసుపు రంగంటే చెక్క కట్టడం. గులాబీ అంటే ఇటుక. నీలం అంటే రాయి. బూడిద రంగంటే ఇనుప రేకులు. డి అక్షరం నివాసం, ఎస్ అక్షరం దుకాణం. భవనం మూలనున్న అంకె అంతస్తుల సంఖ్య. చిన్న ఊరైతే మొదటి షీటుమీద జనాభా, నీటి వసతి, మంటలార్పే సామగ్రి కూడా రాసి ఉంటాయి.

నా పార్కింగ్ స్థలాన్ని ఇందులో వెతికినప్పుడు దొరికింది ఒక పసుపు దీర్ఘచతురస్రం. దక్షిణం వైపు చిన్న ఉబ్బు, అంటే బయటికి పొడుచుకొచ్చిన కిటికీ గది. ముందు వరండాను చుక్కల గీతతో గీశారు. తొలి షీటులో డి అని ఉంది. తర్వాతి షీటులో అదే చోట “బోర్డింగ్” (డబ్బుకు బస, భోజనం ఇచ్చే ఇల్లు) అని ఉంది, వెనక వైపు ఇంకో గది పెరిగింది. రెండు షీట్ల మధ్య ఆ ఇంట్లో ఏదో జరిగింది. ఏం జరిగిందో మ్యాపు చెప్పదు. ఏ కాగితం అడగాలో మాత్రం చెబుతుంది.

తర్వాత ఇవి కూడా చూడండి: అమెరికా జియలాజికల్ సర్వే పాత స్థలాకృతి పటాలు (టోపోవ్యూ సైట్‌లో ఉచితం), 1930ల నుంచి వ్యవసాయ శాఖ తీయించిన విమాన ఛాయాచిత్రాలు, కాలేజీ పాత క్యాంపస్ మ్యాపులు.

ఇక్కడ జరిగే పొరపాట్లు

*శాన్‌బోర్న్‌లో ఇల్లు లేదు కాబట్టి అప్పటికి కట్టలేదనుకోవడం.* తొలి సంచికలు చాలా ఊళ్లలో బజారు వీధుల వరకే గీశాయి. షీటు అంచు ఎక్కడ ఆగిందో ముందు చూడండి.

*మ్యాపుమీద రాసిన ఏడాదినే నమ్మడం.* పాత షీట్లమీద మార్పులను కాగితం ముక్కలుగా అంటించేవారు. ఒకే షీటుమీద ఇరవై ఏళ్ల తేడా ఉన్న భవనాలు పక్కపక్కన కనిపించవచ్చు. అతికించిన అంచులు స్కాన్‌లో సన్నని నీడలా కనబడతాయి.

*ఇల్లు మాయమైతే కూల్చేశారనుకోవడం.* చెక్క ఇళ్లను పునాదినుంచి లేపి వేరే వీధికి జరపడం ఇక్కడ మామూలే. కాలేజీ విస్తరించినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

## 5. లింకు డాక్యుమెంట్లు తిరగేయండి

ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, ఇదీ అదే పని. నేటి యజమాని దగ్గర మొదలుపెట్టి, ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు అని వెనక్కి వెళ్లాలి.

క్రమం:

1. నేటి దస్తావేజులో “స్థల వివరణ” కాపీ చేసుకోండి. అందులో లాట్ (ప్లాటు) నంబరు, బ్లాక్ నంబరు, అడిషన్ (లేఅవుట్) పేరు ఉంటాయి. చిరునామా మారుతుంది, ఇవి అంత సులువుగా మారవు.
2. దస్తావేజు చివర్లో సాధారణంగా ముందరి దస్తావేజు పుస్తకం నంబరు, పేజీ నంబరు ఉంటాయి. అక్కడికి వెళ్లండి.
3. ఆ ప్రస్తావన లేకపోతే కొన్నవారి పట్టికలో మీ యజమాని పేరు వెతకండి. అమ్మినవారు బయటపడతారు. వాళ్లను మళ్లీ కొన్నవారి పట్టికలో వెతకండి.
4. గొలుసు తెగితే వీలునామాల కోర్టుకు వెళ్లండి. ఆస్తి అమ్మకంతో కాక వారసత్వంగా చేతులు మారి ఉంటుంది.
5. ప్రతి మెట్టు దగ్గర తేదీ, ఇద్దరి పేర్లు, పుస్తకం, పేజీ రాసుకోండి.

ధర దగ్గర చాలామంది ఆగిపోతారు. “ఒక డాలరు, ఇతర విలువైన ప్రతిఫలం” అని ఉంటుంది. అది ఆనవాయితీ మాట, అసలు ధర కాదు. 1940 నుంచి 1967 దాకా జరిగిన అమ్మకాల్లో దీన్ని తెలుసుకునే దారి ఉంది. ఆ కాలంలో ప్రతి 500 డాలర్లకూ 55 సెంట్ల చొప్పున ఫెడరల్ స్టాంపులు అంటించాలి. 8 డాలర్ల 80 సెంట్ల స్టాంపులుంటే ధర దాదాపు 8,000 డాలర్లు. కొన్నవారు పాత అప్పును తమమీద వేసుకుని ఉంటే ఆ మొత్తం ఈ లెక్కలోకి రాదు కాబట్టి “దాదాపు” అనే రాయండి.

షరతుల పేరాను దాటేయకండి. 20వ శతాబ్దం తొలి సగంలో వేసిన లేఅవుట్లలో, ఫలానా జాతివాళ్లకు ఈ ఇల్లు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని రాసి ఉండవచ్చు. షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు 1948లో అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదంది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఆ వివక్షనే నిషేధించింది. ప్రొఫెసర్లు ఇష్టపడి కట్టుకున్న వీధుల్లో కూడా ఈ వాక్యం దొరకవచ్చు. దొరికితే మాట మార్చకుండా, పేజీ నంబరుతో సహా ఎత్తి రాయండి.

ఆఫీసులో పనిచేసేవాళ్లను “చరిత్ర చెప్పండి” అని అడగకండి. “ఈ అడిషన్, ఈ బ్లాకు, ఈ లాటు, ఫలానా ఏడాదికి ముందరి పట్టిక ఎక్కడుంది?” అని అడగండి. పని తొందరగా అవుతుంది.

## 6. ఇంట్లో ఎవరున్నారో పట్టుకోండి

దస్తావేజు యజమానిని చెబుతుంది. కాలేజీ ఊళ్లో యజమాని ఒకరు, ఉన్నవాళ్లు ఇంకొకరు కావడం రివాజు. ఉన్నవాళ్లు కావాలంటే రెండు కాగితాలు కలిపి చదవాలి.

సిటీ డైరెక్టరీలు. ఫోన్లు రాకముందు నుంచే వచ్చేవి. పోల్క్ కంపెనీవి ఎక్కువగా కనిపిస్తాయి. ముందు సగం పేర్లవారీగా, చాలా సంచికల్లో వెనక భాగం వీధులవారీగా ఉంటుంది. మీకు కావలసింది ఆ వెనక భాగం. పేరు పక్కన వృత్తి, సొంతిల్లో అద్దెయో తెలిపే పొట్టి గుర్తులు ఉంటాయి. వాటి వివరణ పుస్తకం మొదట్లో ఉంటుంది. దక్షిణాది డైరెక్టరీల్లో నల్లజాతి వారి పేర్ల పక్కన సి అక్షరంతోనో నక్షత్రంతోనో గుర్తు పెట్టేవారు. “విధవ” అని రాసి భర్త పేరు ఇవ్వడమూ ఉండేది.

నా స్థలం దగ్గర మూడు శనివారాలు పోగొట్టుకున్నది ఇక్కడే. నేటి నంబరుతో పాత డైరెక్టరీ వెతికి, ఒక కమ్మరి కుటుంబం గురించి పదిహేను పేజీలు రాశాను. తర్వాత తెలిసింది, మధ్యలో ఆ వీధి నంబర్లన్నీ మార్చారని. నేను చదివింది రెండు బ్లాకుల అవతలి ఇల్లు. దీనికి మందు ఒకటే. వీధులవారీ జాబితాలో అడ్డవీధుల పేర్లు మధ్యమధ్యలో వస్తాయి. చర్చి, బ్యాంకు లాంటి కదలని భవనాలను గుర్తుగా పెట్టుకుని, వాటినుంచి ఎన్నో ఇల్లో లెక్కపెట్టండి. నంబరును ఆ తర్వాతే చూడండి.

జనాభా లెక్కలు. పదేళ్లకోసారి జరిగే ఈ లెక్కల్లో మనుషుల పేర్లున్న పత్రాలను 72 ఏళ్లు బయట పెట్టరు. 1950 పత్రాలు 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. 1960 పత్రాల కోసం 2032 దాకా ఆగాలి. 1890 పత్రాల్లో అత్యధిక భాగం 1921 అగ్నిప్రమాదంతో పోయాయి. ఆ ఇరవై ఏళ్ల ఖాళీని డైరెక్టరీలతో, పత్రికలతో పూడ్చుకోవాలి.

ఒక్కో లెక్కలో ఒక్కో సంగతి అడిగారు. 1900లో పుట్టిన నెల, ఏడాది, తల్లికి పుట్టిన పిల్లలెందరు, బతికున్నవారెందరు. 1930లో ఇంట్లో రేడియో ఉందా. 1940లో కిందటి ఏడాది జీతం, 1935లో ఎక్కడున్నారు. ఈ ప్రశ్నల్ని ముందు తెలుసుకుని వెళ్తే ఒక్క వరుసలోంచి ఒక జీవితమే కనిపిస్తుంది.

కాలేజీ ఊరికి సంబంధించి రెండు హెచ్చరికలు తప్పనిసరి.

మొదటిది లెక్కల తేదీ. 1900లో లెక్క జూన్ 1 నాటిది, చాలా కాలేజీల్లో చదువుల ఏడాది ముగిసే సమయం. 1910లో ఏప్రిల్ 15, 1920లో జనవరి 1, 1930 నుంచి ఏప్రిల్ 1. జూన్‌లో ఖాళీగా కనిపించిన బోర్డింగ్ ఇల్లు జనవరిలో నిండుగా ఉండి ఉండవచ్చు.

రెండోది విద్యార్థుల లెక్క. 1940లో కాలేజీ విద్యార్థిని తల్లిదండ్రుల ఊళ్లో లెక్కించారు. 1950 నుంచి చదువుకునే ఊళ్లోనే లెక్కించారు. 1940 నుంచి 1950కి మీ ఊరి జనాభా ఒక్కసారిగా పెరిగినట్టు కనబడితే, “ఫ్యాక్టరీ వచ్చిందా?” అని వెతక్కండి. కొంత లెక్కించే పద్ధతి మారడం, కొంత సైనికుల చదువుకు డబ్బిచ్చిన 1944 జి.ఐ. బిల్లుతో రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు కాలేజీల్లో చేరడం. ఈ రెంటినీ విడదీయకుండా ఊరి జనాభా గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

నా ఇంటి ముడి ఇక్కడ విడింది. రెండు డైరెక్టరీల మధ్య ఆ ఇంటి పెద్ద పేరు పక్కన వడ్రంగి అన్న మాట పోయి, భార్య పేరు పక్కన విధవ అన్న మాట వచ్చింది. ఆ తర్వాతి శాన్‌బోర్న్ షీటులోనే “బోర్డింగ్”. భర్త పోయాక ఆమె వెనక గది పెంచి విద్యార్థులకు వండిపెట్టి ఇల్లు నడిపింది. ఆ మాట ఏ కాగితంలోనూ వాక్యంగా లేదు. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే వచ్చింది.

## 7. పాత పత్రికలు

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సైట్ క్రోనిక్లింగ్ అమెరికా ఉచితం. అక్కడ మీ ఊరి పత్రిక లేకపోతే రాష్ట్ర లైబ్రరీనో రాష్ట్ర హిస్టారికల్ సొసైటీనో మైక్రోఫిల్ము అడగండి. ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద మీ ఊరికే తెప్పించుకునే వీలుండవచ్చు.

వెతికేటప్పుడు:

- పెళ్లయిన ఆడవాళ్లను భర్త పేరుతో వెతకండి. “మిసెస్” తర్వాత భర్త పేరే వేసేవారు.
- యంత్రం చదివిన అక్షరాల్లో తప్పులుంటాయి. ఇంటిపేరు దొరక్కపోతే వీధి పేరుతో, పక్కింటివారి పేరుతో వెతకండి.
- మొదటి పేజీ కంటే లోపలి “ఊరి కబుర్లు” కాలమ్ విలువైనది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు గది అద్దెకిస్తున్నారు, ఎవరింటి పైకప్పు మారుస్తున్నారు అన్నీ అక్కడే.
- పన్ను బకాయిల వేలం ప్రకటనలు, దివాలా నోటీసులు వదలకండి.

ఒకే వారపు ఊరి పత్రికనూ విద్యార్థుల పత్రికనూ పక్కపక్కన చదవండి. ఒక గొడవను ఊరి పత్రిక అల్లరి అంటుంది, విద్యార్థి పత్రిక ఉద్యమం అంటుంది. రెండూ రాసుకోండి. ఒహాయోలోని కాలేజీ ఊరు కెంట్‌లో 1970 మే 4న నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు క్యాంపస్ గొంతు ఒక్కటే వింటే సగమే వింటారు. దుకాణాలవాళ్లు ఆ వారమంతా ఏం చూశారో ఊరి కాగితాల్లో ఉంటుంది.

ఒక జాగ్రత్త: ఏప్రిల్ 1న విద్యార్థి పత్రికలు ఉత్తుత్తి వార్తలతో సంచిక వేయడం మామూలు. ఆ తేదీకి అటూ ఇటూ వచ్చిన వింత వార్తను ఇంకో ఆధారం లేకుండా వాడకండి.

## 8. ఇప్పుడు కాలేజీ ఆర్కైవ్స్‌కు వెళ్లండి

ఇప్పుడు మీ చేతిలో పేర్లు, తేదీలు, చిరునామాలు ఉన్నాయి. వాటితో వెళ్తే అడగవలసినవి వేరుగా ఉంటాయి. నూరేళ్ల పండగకు వేసిన అట్ట పుస్తకం ఇస్తే తీసుకోండి, కానీ అడగవలసినవి ఇవి:

- విద్యార్థుల డైరెక్టరీలు. ఊళ్లో ఎవరు ఏ ఇంట్లో అద్దెకున్నారో ఉంటుంది.
- భవనాలు, స్థలాల విభాగం ఫైళ్లు. కాలేజీ ఏ ఇల్లు ఎప్పుడు కొన్నది, ఏం చేసింది.
- ట్రస్టీల సమావేశాల మినిట్స్.
- కాలేజీ తీసిన ఫోటోల్లో వెనక కనబడే ఊరు. ఫుట్‌బాల్ జట్టు వెనక నిలబడ్డ ఇంటిని చూడండి.

విద్యార్థుల మార్కులు, క్రమశిక్షణ ఫైళ్లు అడగకండి. 1974 నాటి ఫెర్పా చట్టం వాటిని కాపాడుతుంది. అధ్యక్షుల ఉత్తరాలు కూడా కొన్నేళ్లపాటు తెరవరు, ఎప్పుడు తెరుస్తారో అడిగి రాసుకోండి.

కాగితం ఫోటో తీసేముందు పెట్టె లేబులు, ఫోల్డరు లేబులు ఫోటో తీయండి. ఈ ఒక్క అలవాటు లేకపోతే ఆరు నెలల తర్వాత మీ ఫోనులో నాలుగు వందల అనాథ ఫోటోలుంటాయి.

భవనాలు, స్థలాల ఫైల్లో నాకు దొరికింది ఒక రసీదు. ఇల్లు జరిపే కాంట్రాక్టరుకు కట్టిన డబ్బుది. ఇల్లు కూల్చలేదు. శాన్‌బోర్న్ ఆకారాన్ని ట్రేసింగ్ కాగితంమీద గీసుకుని, చుట్టుపక్కల వీధుల విమాన ఛాయాచిత్రాలమీద పెట్టి చూసుకుంటూ పోయాను. మూడు వీధుల అవతల, దక్షిణం వైపు అదే ఉబ్బుతో, వెనక అదే అదనపు గదితో నిలబడి ఉంది. నేను రోజూ నడిచే దారే అది.

## 9. ఆల్బమ్‌లో లేనివాళ్లను వెతకండి

ఈ మెట్టు ఎగ్గొట్టిన ఊరి చరిత్ర అబద్ధమవుతుందని నా అభిప్రాయం.

భూమి ముందు ఎవరిది? 1862 మోరిల్ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ కాంగ్రెస్‌లో ఉన్న ఒక్కో సభ్యుడి లెక్కన 30,000 ఎకరాలు ఇచ్చి, ఆ అమ్మకపు సొమ్ముతో కాలేజీలు నడపమన్నారు. ఆ భూమి ఆదివాసీ జాతుల నుంచి ఒప్పందాలతోనో బలవంతంగానో తీసుకున్నది. తూర్పు రాష్ట్రపు కాలేజీకి నిధి పడమటి రాష్ట్రపు భూమినుంచి వచ్చి ఉండవచ్చు. కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి: క్యాంపస్ నిలబడ్డ నేల ఎవరిది, కాలేజీకి డబ్బిచ్చిన నేల ఎవరిది. మొదటి ప్రశ్నకు 1899లో అచ్చయిన చార్ల్స్ రాయిస్ భూమి బదిలీల పటాలు మంచి మొదలు.

పనిచేసినవాళ్లెవరు? వంటవాళ్లు, బట్టలుతికేవాళ్లు, బాయిలర్ గదిలోవాళ్లు. వీళ్లు ఇయర్‌బుక్‌లో (కాలేజీ ఏటా వేసే ఫోటోల పుస్తకం) ఉండరు. జీతాల పద్దుల్లో, డైరెక్టరీల్లో, చర్చి రిజిస్టర్లలో ఉంటారు.

ఎవరిని దూరం పెట్టారు? కెంటకీలో 1904 డే చట్టం తెల్ల, నల్ల విద్యార్థులకు కలిపి చెప్పకూడదంది. కలిపి చదివిస్తున్న బెరియా కాలేజీ మీద గురిపెట్టిన చట్టమది. 1908లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మీ రాష్ట్రంలో ఇలాంటి చట్టముందేమో చూడండి. నల్లజాతి ప్రయాణికులను రానిచ్చే బసలు, హోటళ్ల జాబితాగా 1936 నుంచి వచ్చిన గ్రీన్ బుక్ సంచికలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి. మీ ఊరి పేరు ఉందా, ఉంటే ఏ ఇంటి చిరునామా ఇచ్చారు, లేకపోతే దగ్గరి ఊరు ఎంత దూరం అన్నది రాసుకోండి.

## 10. మనుషులతో మాట్లాడండి

కాగితాల పని సగమయ్యాకే వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే “అప్పట్లో బాగుండేది” అనే మాటే వస్తుంది. మ్యాపు పరచి, వేలు పెట్టి చూపించండి.

- రికార్డు చేసేముందు అనుమతి అడగండి. కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో మాట్లాడేవాళ్లందరి ఒప్పుకోలూ చట్టప్రకారం కావాలి. ఎక్కడైనా అడగడమే మర్యాద.
- వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి పత్రం తీసుకోండి.
- గంట దాటనివ్వకండి. రెండోసారి వెళ్లండి, అసలు సంగతులు రెండోసారే వస్తాయి.
- పెద్ద ప్రశ్నలు వద్దు. “ఆ ఇంటి వంటగది కిటికీలోంచి ఏం కనిపించేది?” లాంటివి అడగండి.
- చెప్పిన ఏడాదిని సరిదిద్దకండి. ఇంటికొచ్చి పత్రికతో సరిచూసుకోండి.

## 11. రాసేటప్పుడు

ప్రతి సంగతి పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: కాగితం చెప్పింది, మనిషి చెప్పారు, నేను ఊహించాను. మూడో గుర్తున్నవాటిని రాతలోనూ ఊహగానే చెప్పండి. వడ్రంగి భార్య విద్యార్థులకు వండిపెట్టిందని నేను రాసింది మూడో రకం. చాలా బలమైన ఊహ, అయినా ఊహే.

రెండు ఆధారాలు ఒకదాన్ని చూసి ఇంకోటి రాసినవైతే అవి రెండు కావు, ఒకటే. పండగ సంచికలోని తేదీనే తర్వాతి పత్రికలన్నీ ఎత్తి రాస్తాయి. మొదట రాసినవారి దాకా వెళ్లండి.

బయట పెట్టేముందు సరిచూసుకోండి:

- ప్రతి తేదీకీ పుస్తకం, పేజీ ఉన్నాయా?
- వీధి నంబర్ల మార్పు చూశారా?
- ఫోటోల వాడకానికి అనుమతి ఉందా? అచ్చయి 95 ఏళ్లు దాటినవాటికి సాధారణంగా కాపీరైట్ ఉండదు. తర్వాతివాటికి అడగాలి.
- బతికున్నవారి కుటుంబ విషయాలు ఉన్నాయా? వాళ్లను అడిగారా?

చివరి పని. ఫైలును రెండు కాపీలు తీయండి. ఒకటి హిస్టారికల్ సొసైటీకి ఇవ్వండి. పైన లాట్, బ్లాక్, అడిషన్, నేటి చిరునామా, మీ పేరు, తేదీ రాయండి. రెండోది ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లకు. నేను తలుపు తట్టి ఇచ్చినప్పుడు ఇప్పుడు అక్కడుంటున్నావిడ మ్యాపు కాపీ పట్టుకుని నేరుగా వెనక గదిలోకి నడిచింది. అక్కడ నేల రెండంగుళాలు కిందికి ఎందుకు దిగిందో పదకొండేళ్లుగా అర్థం కాలేదంది. పెంచిన గది సరిగ్గా అక్కడే మొదలవుతుంది.